అమ్మ అడిగిన డౌట్

గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌కి ముందు రోజు రాత్రి అమ్మ అడిగింది, "మత్తిచ్చాక మధ్యలో మెలకువ వస్తే? నేను కదల్లేను కదా, వాళ్ళకెలా తెలుస్తుందిరా?" "మిషన్లుంటాయిలే అమ్మా" అనేశాను. ఆపరేషన్ బాగానే అయింది. కానీ నేను తెలిసి చెప్పిన మాట కాదది. తర్వాత చదివితే, అమ్మ అడిగిందే అసలు ప్రాబ్లమ్ అని తెలిసింది.

జనరల్ అనస్థీషియా అంటే ఒకే మందు కాదు. నిద్రకి ఒకటి, నొప్పికి ఒకటి, చాలా ఆపరేషన్లలో కండరాలు వదులు కావడానికి ఇంకొకటి. ఈ మూడోది మెదడుని నిద్రపుచ్చదు, ఒంటిని కదలనివ్వదు, అంతే. చాలా అరుదే గానీ, అప్పుడు మెలకువ వస్తే వేలు కూడా ఎత్తలేం. బీపీ, గుండె వేగం చూస్తారు, కానీ అవి వేరే కారణాలకీ మారతాయి.

అందుకే కొన్నిచోట్ల నుదుటి మీద స్టిక్కర్ లాంటి సెన్సర్ అంటించి ఈఈజీ చూస్తారు. మెలకువలో ఆ అలలు చిన్నగా, గజిబిజిగా ఉంటాయి. ప్రొపోఫాల్ ఎక్కాక పెద్దవిగా, నెమ్మదిగా మారతాయి. మోతాదు మరీ ఎక్కువైతే మధ్యమధ్యలో గీత చదునైపోతుంది. 1996లో అమెరికాలో అనుమతి పొందిన బిస్ మానిటర్ ఇదంతా 0 నుంచి 100 మధ్య ఒక్క నంబర్‌గా చూపిస్తుంది. 40 నుంచి 60 ఉంటే ఆపరేషన్‌కి సరిపడా మత్తు అని లెక్క. ఆ నంబర్ లెక్కగట్టే అల్గారిథమ్‌ని మాత్రం కంపెనీ పూర్తిగా బయటపెట్టలేదు. సీఎస్‌ఈ వాడిని కదా, నాకు ఇక్కడే మండింది.

2015లో అచ్చయిన ఒక ఆస్ట్రేలియా ప్రయోగం చూడండి. పదిమంది వాలంటీర్లకి నిద్రమందు లేకుండా కండరాల మందు మాత్రమే ఇచ్చారు. ఒక చేతికి పట్టీ బిగించి, ఆ చేతిలోకి మందు వెళ్ళకుండా ఆపారు. అందరూ పూర్తి మెలకువలోనే ఉన్నారు, ఆ చేత్తో స్పందించారు కూడా. నంబర్ మాత్రం 44 దాకా పడిపోయింది! నుదుటి సెన్సర్‌కి మెదడు సిగ్నల్‌తో పాటు అక్కడి కండరాల సిగ్నల్ కూడా అందుతుంది. కండరం ఆగిపోతే, మనిషే నిద్రపోయాడని మిషన్ అనుకుంది. కెటమిన్ ఇస్తే ఉల్టా, మత్తులో ఉన్నా నంబర్ పెరగొచ్చు.

అలాగని పనికిరాదనీ కాదు. మత్తు గ్యాస్ అయితే ఊపిరిలో ఎంత ఉందో కొలవొచ్చు. సిరంజి పంపుతో నరంలోకి ప్రొపోఫాల్ ఇస్తున్నప్పుడు అలా కొలిచే వీలు మామూలుగా ఉండదు, అక్కడ ఈఈజీ బాగా అక్కరకొస్తుంది. అందుకే కొందరు అనస్థీషియా డాక్టర్లు నంబర్‌ని నమ్ముకోకుండా స్క్రీన్ మీద అలలనే చదవడం నేర్చుకుంటున్నారు.

అమ్మ నుదుటికి ఆ స్టిక్కర్ పెట్టారో లేదో మాత్రం నేను అడగలేదు.