సేవకు వెళ్ళేవారికి నాలుగు మాటలు

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. వేలాదిమంది మరణించారు. బతికి బయటపడ్డవారికి తాగే నీరు కరువైంది. బావులు, చెరువులు ఉప్పునీటితో, మురికితో పాడయ్యాయి.

తుపానుల కాలం మొదట్లోనే గాంధీ జయంతి వస్తుంది. ఆ సెలవుకు శని, ఆదివారాలు కలిసివస్తే బందరు, గుడివాడల నుంచి అవనిగడ్డ, నాగాయలంక వైపు సేవకు వెళ్ళేవారు ఈ ఒక్క పని చేయండి. విరేచనాలు పట్టుకుంటే ఏం చేయాలో ఇంటింటా తల్లులకు నేర్పండి.

ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరక్కపోతే, కాచి చల్లార్చిన లీటరు నీటిలో టీ చెంచాతో తలకొట్టి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. చంటిబిడ్డకు తల్లిపాలు మాన్పించకూడదు. బిడ్డ మగతగా ఉన్నా, కళ్ళు గుంటలు పడినా, విరేచనంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

మరి మీ సంగతి? తాగే నీరు వెంట తీసుకువెళ్ళండి. ధనుర్వాతం టీకా సంగతి ముందే డాక్టరును అడగండి. కాలికి పుండు ఉంటే నిలవనీటిలో దిగకండి. ఎలుకల మూత్రం కలిసిన నీటివల్ల లెప్టోస్పైరోసిస్ జ్వరం రావచ్చు. తిరిగివచ్చాక జ్వరం వస్తే, నీటిలో తిరిగిన సంగతి డాక్టరుకు చెప్పండి.

ఒక్క తల్లి నేర్చుకున్నా మీ సెలవు సార్థకమే.