భుజమున కొదిగిన తుపాకి

వేమూరులో మా పెదనాన్నగారి యింట, తొలకరికి ముందు వడ్రంగి వచ్చి కొత్త నాగలికి మేడి అమర్చునపుడు, దున్నబోవు మనిషిని ముందుగా పిలిపించి, నిటారుగా నిలువబెట్టి, అతని చేయి ఎంతవరకు దిగునో చూచిన పిమ్మటనే కొయ్యకు ఉలి తగిలించుట నేను బాల్యమున కన్నులార చూచితిని. మేడి పొట్టిదైనచో సాయంకాలమునకు మనిషి నడుము కుంగుననియు, పొడవైనచో నాగలి అదుపు తప్పుననియు ఆయన చెప్పెడివాడు. సముద్రములు దాటి ఇల్లినాయి రాష్ట్రమునకు వచ్చి, ట్రాప్ షూటింగు నభ్యసింపబూని కొత్త తుపాకి యొకటి కొని, మొదటినాడే చెంప కమిలి యింటికి చేరిన సాయంకాలమున నాకా వడ్రంగి జ్ఞప్తికి వచ్చినాడు.

ఈ క్రీడ మనవారిలో పెక్కుమందికి అపరిచితము. నేలలో దాగిన యంత్రమొకటి మట్టిపళ్ళెమును ముందునకు, పైకి విసరును. అది నేలబడకముందే సీసపు గుళికలతో దానిని పగులగొట్టవలెను. మట్టిపళ్ళెమన్నది పేరునకు మాత్రమే. నేడు దానిని సున్నపురాతి పొడిని కీలుతో కలిపి చేయుదురు. అమెరికా పద్ధతిలో యంత్రమునకు 16 గజముల వెనుక అయిదు స్థానములు. ఒక్కొక్కచోట అయిదు చొప్పున 25 పళ్ళెములొక ఆవృత్తి. ఒలింపిక్ పద్ధతి ఇంతకన్న కఠినము: కందకములో 15 యంత్రములుండును, ఏది విసరునో ముందుగా తెలియదు. హైదరాబాదు వాసి కైనాన్ చెనాయ్ ఆ కఠిన విద్యలోనే 2016లో రియో ఒలింపిక్స్‌కు వెళ్ళి, 2023 అక్టోబరు 1న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో 125కు 122 కొట్టి, పృథ్వీరాజ్ తొండైమాన్, జోరావర్ సింగ్ సంధులతో కలిసి మొత్తము 361తో జట్టు స్వర్ణమును, తానొక్కడుగా కాంస్యమును గడించినాడు. మన నగరమునుండి ఒకడు ఈ విద్యలో అంతటివాడగుట నాకెంతయు గర్వకారణము.

ఇక తుపాకి మనిషికి ఒదుగుట ఏల ముఖ్యమో చెప్పెదను. రైఫిలునకు వెనుక గురి అమరిక యుండును. ట్రాప్ తుపాకికి అది లేదు. ఆ స్థానమున నిలుచునది మన కన్నే. చెంప ఆనెడి కొయ్య అంచును కోంబ్ అందురు. అది కన్నును ఎంత ఎత్తున నిలుపునో గుళికలు అంత ఎత్తునకు పోవును. కంటినుండి గొట్టము కొన సుమారు 36 అంగుళములు. 16 గజములనగా 576 అంగుళములు, అనగా దానికి పదునారు రెట్లు. కనుక కోంబును అంగుళములో పదునారవ వంతు, ఇంచుమించు బియ్యపుగింజ మందము, పెంచినచో గురిపలక మీద దెబ్బ ఒక అంగుళము పైకి జరుగును. ఇంత స్వల్పభేదమునకు ఇంత ఫలమున్నదని ఎఱుగకయే కదా, నావంటివారు తమ చేతిని, చూపును నిందించుకొనుచు నెలలు గడుపుదురు! పళ్ళెము పైకి లేచుచుండును గనుక ట్రాప్ తుపాకి కొంచెము ఎత్తునకే కొట్టవలెను. నూటికి అరువది గుళికలు గురికి పైన, నలువది క్రింద పడుట పలువురు మెచ్చు పాళ్ళు. గొట్టముపైనున్న రెండు పూసలు ఒకదానిపైనొకటి 8 అంకెవలె కనబడినచో కన్ను సరియైన ఎత్తున నున్నదనుకొనవచ్చును, కాని తుదితీర్పు గురిపలకదే.

కోంబు ఎత్తు తరువాత చూడవలసిన రెండవ కొలత, మీటనుండి మడమవరకు, అనగా భుజమున కానెడి కొయ్య కొనవరకు, గల పొడవు. తుపాకిని భుజమున కెత్తినపుడు ముక్కునకును, మీటచేతి బొటనవ్రేలికిని నడుమ రెండు మూడు వ్రేళ్ళ యెడముండవలెను. ఇల్లినాయి శీతకాలమున మందపు కోటు తొడిగినచో వేసవిలో సరిపోయిన మడమ చంక క్రింద తగులుకొనును. మడమ భుజమునకు పూర్తిగా ఆనక, క్రిందికొన మాత్రమే గ్రుచ్చుకొనుచున్నచో దాని వాలు మార్పింపవలెను. ఇక చెంప కముల్చునది తరచుగా కోంబు వాలే. వెనుకకు పోనుపోను దిగజారు కోంబు, తుపాకి వెనుకకు తన్నినపుడు చెంపను పైకి పొడుచును. గొట్టమునకు సమాంతరముగా సాగు కోంబు అట్లు చేయక జారిపోవును. నాకు తగిలినది ఆ మొదటిరకపు దెబ్బయే.

ఇంటిలో పరీక్షించుకొను విధానము చెప్పెదను. తూటా లేదని ఒకటికి రెండుమారులు చూచుకొని, కన్నులు మూసికొని తుపాకి నెత్తి, చెంప ఆనించి, అపుడు కన్నులు తెరవవలెను. చూపు గొట్టము నడుమనుండి పోవుచున్నదా, ప్రక్కకు తొలగినదా తెలియును. మెడ సాచి సరిదిద్దుకొనరాదు. ఆ సర్దుబాటు ఎగురుచున్న పళ్ళెము ముందు నిలువదు. పిమ్మట కాగితము తగిలించిన పలకపై, తీరికగా గురిచూడక, ఎత్తిన వెంటనే పది దెబ్బలు కొట్టి, మచ్చల గుంపు ఎటు వాలెనో చూడవలెను. ఒకమారు ఒక్క కొలతనే మార్పవలెను. రెండు మార్చినచో ఏది మేలు చేసినదో తెలియదు.

అట్టముక్కలు చెక్కి, పట్టీ చుట్టి కోంబు నెత్తుట ఎపుడైనను తీసివేయదగిన పని. కొయ్య కోయుట అట్టిది కాదు. మా వడ్రంగియు మేడిని తొలుత కొంత పొడవుగనే యుంచి, రెండు చాళ్ళు దున్నించి చూచి, అటుపిమ్మటనే అదనపు కొయ్యను తీసెడివాడు. నా తుపాకి మడమనుండి అర అంగుళము తీయించుటకు నాకు నాలుగు నెలలు పట్టినది.