బి.ఎస్సీ. నర్సింగ్: చేరేముందు విద్యార్థులు, తల్లిదండ్రులు పరిశీలించవలసిన విషయాలు

ఇంటర్మీడియట్ బైపీసీ పూర్తిచేసిన విద్యార్థులలో అధికులు మొదట ఎం.బి.బి.ఎస్. సీటుకే ప్రయత్నిస్తారు. నీట్‌లో ఆశించిన ర్యాంకు రానప్పుడు బి.ఎస్సీ. నర్సింగ్ పేరు ఇంట్లో చర్చకు వస్తుంది. అప్పటికి కౌన్సెలింగ్ తేదీలు దగ్గరపడతాయి. ఫీజు ఎంత, హాస్టలు ఉన్నదా, ఊరికి బస్సు ఉన్నదా అన్న ప్రశ్నలతోనే నాలుగు సంవత్సరాల చదువు ఖరారవుతున్నది. ఆ కళాశాలకు రోగులతో నడుస్తున్న ఆసుపత్రి ఉన్నదా అని అడిగేవారు అరుదు. నర్సింగ్ విద్యలో సగభాగం వార్డులోనే జరుగుతుంది కనుక ముందుగా అడగవలసినది ఈ ప్రశ్ననే.

నర్సింగ్ వృత్తిలో ప్రవేశానికి డిగ్రీ ఒక్కటే మార్గం కాదు. రెండేళ్ల ఏ.ఎన్.ఎం., మూడేళ్ల జి.ఎన్.ఎం. కోర్సులు కూడా ఉన్నాయి. జి.ఎన్.ఎం.కు ఇతర గ్రూపులవారు కూడా అర్హులే. డిగ్రీకి మాత్రం ఇంటర్మీడియట్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు, ఇంగ్లీషు చదివి 45 శాతం మార్కులు పొంది ఉండాలి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 5 శాతం సడలింపు కలదు. ప్రవేశం పొందే సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండి ఉండాలి. జి.ఎన్.ఎం. చదివినవారు తరువాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ కోర్సు ద్వారా డిగ్రీ పొందవచ్చు; అయితే మొత్తం ఐదేళ్లు పడుతుంది.

ప్రభుత్వ ఆసుపత్రులలో స్టాఫ్ నర్సు ఉద్యోగానికి జి.ఎన్.ఎం., డిగ్రీ రెండూ అర్హతలే అయినప్పుడు ఒక సంవత్సరం అదనంగా ఎందుకు చదవాలని తల్లిదండ్రులు ప్రశ్నించడం సహజం. తేడా తరువాత తెలుస్తుంది. ఎయిమ్స్ సంస్థలలో నర్సింగ్ ఆఫీసర్ నియామకానికి డిగ్రీ ఉన్నవారు నేరుగా అర్హులు కాగా, జి.ఎన్.ఎం. చదివినవారికి కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం అవసరం. ఎం.ఎస్సీ. చదివి బోధనావృత్తిలోకి వెళ్లదలచినవారికి డిగ్రీ తప్పనిసరి. 2018లో ప్రారంభమైన ఆరోగ్య కేంద్రాల పథకం కింద గ్రామస్థాయిలో ఏర్పడిన మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బంది పోస్టులలో కూడా నర్సింగ్ పట్టభద్రులను నియమిస్తున్నారు. ఇంటి పరిస్థితుల రీత్యా త్వరగా జీతం అవసరమైన విద్యార్థికి జి.ఎన్.ఎం. ఎంచుకోవడం ఏ విధంగానూ తప్పు నిర్ణయం కాదు.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో జారీచేసిన నిబంధనల ప్రకారం డిగ్రీ కోర్సు ఎనిమిది సెమిస్టర్లుగా జరుగుతుంది. పరీక్షకు కూర్చోవడానికి 80 శాతం హాజరు చాలు. కానీ పట్టా పొందేలోగా ప్రతి క్లినికల్ విభాగంలోనూ నూటికి నూరు శాతం హాజరు పూర్తి కావాలి. జ్వరం వచ్చి మానిన రాత్రి డ్యూటీని కూడా మళ్లీ చేయవలసిందే. చివరి సెమిస్టరు పూర్తిగా ఇంటర్న్‌షిప్‌కు కేటాయించబడింది. రక్తం చూస్తే భయపడే పిల్లలు ఈ చదువుకు పనికిరారన్న అభిప్రాయం ప్రచారంలో ఉన్నది. ఆ భయం కొన్ని వారాలలో పోతుంది. తెల్లవారుజామున మూడు గంటలకు కూడా మందు మోతాదును సరిగా చదివి, ఇచ్చిన సమయాన్ని సరిగా నమోదు చేయగల ఓపిక ఉన్నదా అన్నది అంతకంటే ముఖ్యం.

కళాశాలకు కనీసం వంద పడకల సొంత ఆసుపత్రి ఉండాలని, ఒక విద్యార్థికి ముగ్గురు రోగుల నిష్పత్తి పాటించాలని, పడకలలో సగటున 75 శాతం నిండి ఉండాలని నిబంధనలు చెబుతున్నాయి. దీనిని లెక్కవేసి చూడాలి. వంద పడకలలో 75 మంది రోగులు ఉంటే, ఒకేసారి సక్రమంగా పని నేర్చుకోగలిగేది 25 మంది విద్యార్థులు మాత్రమే. ఏటా 60 సీట్లున్న కళాశాలలో నాలుగు సంవత్సరాలకు కలిపి 240 మంది ఉంటారు. మిగిలినవారిని ఏ ఆసుపత్రులకు, ఎంత దూరం, ఏ షిఫ్టులలో పంపుతున్నారో యాజమాన్యం చెప్పగలగాలి. ఒకే జిల్లా ఆసుపత్రికి పలు కళాశాలలు విద్యార్థులను పంపితే ఒక్కొక్క మంచం చుట్టూ పదిమంది నిలబడతారు. రక్తపోటు చూసే అవకాశం ఒకరికే దక్కుతుంది. ప్రసవాలు విద్యార్థి స్వయంగా చేసి లాగ్ పుస్తకంలో నమోదు చేయాలి. కాన్పులే జరగని ఆసుపత్రిని చూపే కళాశాలలో ఆ పుస్తకం ఎలా నిండుతుందో ఊహించడం కష్టం కాదు. తల్లిదండ్రులు మామూలు పనిదినాన, ముందుగా చెప్పకుండా, ఉదయం ఓ.పి. వేళ ఆసుపత్రికి వెళ్లి చూడడం మంచిది. మూడో సంవత్సరం విద్యార్థులను గత వారం డ్యూటీ ఎక్కడ పడిందని అడిగితే చాలావరకు సంగతి తేలిపోతుంది.

తెలుగు మాధ్యమంలో చదివినవారిని భాష కొంత కలవరపెడుతుంది. పాఠాలు, మందుల పేర్లు, కేసు షీటు అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. అందుకే మొదటి సెమిస్టరులోనే ఇంగ్లీషు ఒక పాఠ్యాంశంగా చేర్చబడింది. అయితే రోగి మాత్రం కడుపులో దేవుతోందనో, గుండె దడగా ఉందనో, కాళ్లు లాగుతున్నాయనో చెబుతాడు. ఆ మాటను సరిగా గ్రహించి షీటుపై రాయవలసినది నర్సే. పల్లె నుండి వచ్చిన విద్యార్థులకు ఈ విషయంలో సహజమైన అనుకూలత ఉన్నది.

ఆర్థిక విషయాలకు వస్తే, కన్వీనర్ కోటా, యాజమాన్య కోటాల ఫీజుల మధ్య తేడాను, ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా లేదా అన్నదానిని చేరకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లను కళాశాలలు తమవద్ద ఉంచుకోరాదని యూజీసీ 2018 అక్టోబరు నోటిఫికేషన్‌లో స్పష్టం చేసింది. ప్రైవేటు ఆసుపత్రులలో నర్సుల వేతనాలపై సుప్రీంకోర్టు 2016 జనవరి తీర్పు దరిమిలా ఏర్పడిన నిపుణుల కమిటీ, 200 పడకలు మించిన ఆసుపత్రులలో ప్రభుత్వ నర్సులతో సమానంగా, 50 పడకల లోపు వాటిలో నెలకు రూ. 20,000కు తగ్గకుండా చెల్లించాలని సిఫారసు చేసింది. అమలు బాధ్యత రాష్ట్రాలది. ఈ సిఫారసు ఒకటున్నదని ఉద్యోగంలో చేరే నర్సులలో చాలామందికి తెలియదు.

విదేశీ ఉద్యోగం కోసమే ఈ కోర్సులో చేరేవారు అక్కడి షరతులను మొదటి సంవత్సరంలోనే తెలుసుకోవడం అవసరం. బ్రిటన్‌కు ఐ.ఇ.ఎల్.టి.ఎస్. లేదా ఓ.ఇ.టి.తో పాటు అక్కడి నర్సింగ్ మండలి పరీక్షలు, అమెరికాకు ఎన్‌క్లెక్స్, జర్మనీలో పూర్తి గుర్తింపునకు జర్మన్ భాషలో బి2 స్థాయి కావాలి. పలు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు వెళ్లే నర్సులకు 2015 నుండి ఎమిగ్రేషన్ అనుమతి తప్పనిసరి. ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ ప్రభుత్వపరమైన నియామక సంస్థలు. దళారులకు సొమ్ము చెల్లించే ముందు ఈ కార్యాలయాలను సంప్రదించాలి.

కళాశాలకు రాష్ట్ర నర్సింగ్ మండలి అనుమతి, విశ్వవిద్యాలయ అనుబంధం ఉన్నాయో లేదో కూడా సరిచూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ప్రవేశ ప్రకటనలు జారీచేస్తాయి. ప్రవేశ విధానం సంవత్సరాన్ని బట్టి మారుతున్నందున ఆ ఏడాది ప్రకటననే ప్రామాణికంగా తీసుకోవాలి. అనుమతి లేని కళాశాలలో చదివినవారికి రాష్ట్ర మండలిలో రిజిస్ట్రేషను లభించదు. రిజిస్ట్రేషను లేనివారు నర్సుగా పనిచేయడానికి అర్హులు కారు.