ద్రోహం కథలో ఎవరిని అనుమానించాలి?

తెలుగు డిటెక్టివ్ నవల అండమాన్‌కి రావాలంటే సముద్రం దాటాలి. చెన్నైలోనో విశాఖలోనో ఓడెక్కితే, 2024 దాకా పోర్ట్ బ్లెయిర్ అనిపించుకున్న శ్రీవిజయపురం చేరేసరికి రెండు రాత్రులు దాటిపోతాయి. ఆ వ్యవధిలో కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ రెండు హత్యలు తేల్చేసి మూడోదాని జాడ పట్టగలడు. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు ఈ దీవుల్లో సుమారు 13 శాతం. చదివేవాళ్ళకి కొరత లేదు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చాక ఫోన్‌లో చదువుకోవడమూ తేలికైంది.

దక్షిణ అండమాన్‌లో, ఫెరార్‌గంజ్ తహసీలులోని తుష్నాబాద్‌లో కూర్చుని నమ్మకద్రోహం నవల చదివేవాళ్ళకి ఇంకో సౌకర్యం కూడా ఉంది. రచయిత కష్టపడి కల్పించినవన్నీ చుట్టుపక్కల నిజంగానే జరిగాయి. రహస్య గూఢచారులు, తప్పుడు సాక్ష్యాలు, అన్నంపెట్టిన చేతిని కాటేసిన మనుషులు, అన్నీ పది పదిహేను కోసుల లోపలే దొరుకుతాయి. ఆ నిజాల పక్కన పెట్టి చూస్తే ఈ రకం నవల ఎలా నడుస్తుందో బాగా అర్థమవుతుంది.

ద్రోహం కథకి ప్రాణం రహస్యమే అని చాలామంది అనుకుంటారు. ఈ దీవులు అందుకు ఎదురు సాక్ష్యం చెబుతాయి. 1858లో బ్రిటిష్ వాళ్ళు ఇక్కడ ఖైదీల వలస పెట్టారు. ఖైదీ మెడలో ఒక చెక్కబిళ్ళ వేలాడేది. దానిమీద అతని నంబరు, శిక్ష పడిన సెక్షను, తేదీ ఉండేవి. పక్క మంచంమీద పడుకున్నవాడు హంతకుడో బందిపోటో తెలుసుకోవడానికి డిటెక్టివ్ అక్కర్లేదు, చదువొస్తే చాలు. నవల రాసేవాడికి ఇంతకన్నా గడ్డుకాలం ఉండదు. మొదటి పేజీలోనే పాత్రలందరి గుట్టూ మెడలో వేలాడుతోంది. అయినా ఈ దీవుల్లో అతిపెద్ద హత్య అలా బిళ్ళ కట్టించుకున్న మనిషి చేతిలోనే జరిగింది.

షేర్ అలీ ఆఫ్రిదీ ఖైబర్ ప్రాంతం వాడు, పెషావర్‌లో బ్రిటిష్ వాళ్ళ కొలువు చేసినవాడు. పాత కక్షలో బంధువుని చంపినందుకు 1867లో ఉరిశిక్ష పడింది. తర్వాత అది యావజ్జీవ ద్వీపాంతరంగా మారింది. ఇక్కడికొచ్చాక నడవడి బాగుందని అతనికి క్షురకుడి పని ఇచ్చారు. కొంత స్వేచ్ఛగా తిరగనిచ్చారు. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయో సూర్యాస్తమయం చూద్దామని మౌంట్ హారియెట్ ఎక్కాడు. దిగి, చీకటిపడ్డాక హోప్‌టౌన్ జెట్టీమీద పడవవైపు నడుస్తుంటే షేర్ అలీ వెనకనుంచి దూకి కత్తితో పొడిచాడు. మార్చి 11న వైపర్ దీవిలో అతన్ని ఉరితీశారు. వాడు ఏం చేసి ఇక్కడికొచ్చాడో అందరికీ తెలుసు. ఆ తెలిసినదాన్ని కొన్నేళ్ళ మంచి నడవడి కప్పేసింది.

నమ్మకం తయారయ్యే పద్ధతి ఇదే. చిన్నచిన్న నిజాలు పోగుపడితే చివరికి ఒక్క అబద్ధానికి సరిపడా పెట్టుబడి అవుతుంది. అశ్వత్థామ చచ్చాడన్న మాట నిజమా కాదా అని ద్రోణుడు అడగడానికి వెళ్ళింది ధర్మరాజు దగ్గరికి. భీముడు చెబితే నమ్మలేదు మరి. జీవితమంతా అబద్ధమాడనివాడు ఒక్కసారి ఆడితేనే ఆ అబద్ధానికి విలువ. మంచి సస్పెన్స్ రచయిత కూడా ద్రోహి పాత్రచేత మొదటి నూరు పేజీలూ మందులు తెప్పిస్తాడు, పిల్లల్ని బడికి దింపిస్తాడు, చెప్పిన టైముకి రప్పిస్తాడు. మనం ఆ పేజీలు తొందరగా తిప్పేస్తాం, ఏమీ జరగడంలేదని. జరగాల్సింది అక్కడే జరుగుతోంది.

ఇందులో ఒక చిక్కుంది. యుగంధర్ నవలల్లో అసిస్టెంటు రాజుని పాఠకుడు ఎన్నడూ అనుమానించడు. మధుబాబు గారి షాడో దేశానికి ద్రోహం చేస్తాడని ఏ పుస్తకంలోనూ భయపడడు. సీరీస్ నవల ఆ పూచీ ముందే ఇచ్చేసింది. రాజు ఒక్క పుస్తకంలో ద్రోహిగా తేలితే తర్వాతి పుస్తకానికి గిరాకీ ఉండదు, రచయితకి భోజనం ఉండదు. అందుకే నమ్మకద్రోహం కథలు ఎక్కువగా విడినవలలుగానే వస్తాయి. అక్కడ భర్తకి గానీ స్నేహితుడికి గానీ డాక్టరుకి గానీ వచ్చే సంపుటం దాకా బతకాలన్న అవసరం లేదు.

ఇక రహస్యం సంగతి. దాన్ని దాచడం ఒక పద్ధతి, పాఠకుడికి ముందే చెప్పేసి పాత్రకి చెప్పకపోవడం ఇంకో పద్ధతి. రెండోది తెలుగువాళ్ళకి బడిలోనే అలవాటైంది. చిన్నయసూరి 1853 నాటి నీతిచంద్రికలో మిత్రభేదం తీసుకోండి. సింహం పింగళకుడికీ ఎద్దు సంజీవకుడికీ మధ్య నక్క దమనకుడు చిచ్చుపెడుతున్నాడని మనకి మొదటినుంచీ తెలుసు. సింహానికి తెలియదు, ఎద్దుకి తెలియదు. ఇద్దరి దగ్గరా దమనకుడు ఎదుటివాడి మేలుకోరి చెబుతున్నట్టే చెబుతాడు. చివరికి సింహం స్నేహితుణ్ణి చంపుకుంటుంది, నక్క మంత్రిగా హాయిగా ఉంటుంది. నేరస్థుడు దొరక్కుండా పోయే ఈ కథని పిల్లలకి నీతి కింద పాఠం పెట్టినవాళ్ళ ధైర్యం మెచ్చుకోవాలి.

ఈ రెండో పద్ధతి ఎంత నొప్పి పుట్టించగలదో 1943 డిసెంబరు చూపిస్తుంది. 1942 మార్చి 23న దీవులు జపాన్ చేతికొచ్చాయి. భారత స్వాతంత్ర్య సంఘంలో పనిచేస్తున్న డాక్టర్ దివాన్ సింగ్‌ని 1943 అక్టోబరులో గూఢచారి అన్న నేరంమీద పట్టుకుని సెల్యులార్ జైల్లో చిత్రహింసలు పెట్టారు. డిసెంబరు 29న నేతాజీ సుభాస్ చంద్రబోస్ వచ్చాడు. మర్నాడు జెండా ఎగరేశాడు. సెల్యులార్ జైలుకీ వెళ్ళాడు. తన సంఘం మనిషే ఆ గోడల లోపల ఉన్నాడన్న సంగతి జపాన్ వాళ్ళు ఆయన చెవిన పడనివ్వలేదు. ఆతిథ్యమిచ్చినవాళ్ళు తీసుకెళ్ళిన చోట్లే ఆయన చూశాడు. వచ్చిన మూడో రోజు వెళ్ళిపోయాడు. 1944 జనవరి 14న దివాన్ సింగ్ చనిపోయాడు.

ఇప్పుడు ఇది చదువుతున్న మనకి గదిలో ఎవరున్నారో తెలుసు, వరండాలో నడుస్తున్న మనిషికి తెలియదు. ఆ అడుగులు ఎటు తిరుగుతాయో అని ఊపిరి బిగబట్టడమే సస్పెన్స్. చివరి పేజీలో దివాన్ సింగ్ లోపలే ఉన్నాడట అని చెబితే మనం ఉలిక్కిపడి ఊరుకుంటాం. ముందే చెబితే పేజీ పేజీకీ బాధపడతాం. వారపత్రిక సీరియల్ రాసేవాళ్ళకి ఈ లెక్క బాగా తెలుసు. ఉలిక్కిపాటు ఒక్క వారమే నిలుస్తుంది, ఆరాటాన్ని పద్దెనిమిది వారాలు లాగొచ్చు.

ఇన్ని నవలలు చదివి ఆరితేరినవాళ్ళలో ఒక రోగం కనిపిస్తుంది. మొదటి అధ్యాయం నుంచే అందరినీ అనుమానిస్తారు. పాలవాడు వచ్చినా వాడే అంటారు, అత్తగారు తుమ్మినా ఆవిడే అంటారు. ఎవరో ఒకరు నేరస్థుడవుతారు కనుక నేను ముందే చెప్పాను అనే హక్కు వీళ్ళకి ఎప్పుడూ దక్కుతుంది. అనుమానం ఎక్కువైతే తెలివి ఎక్కువైనట్టు కాదని చెప్పడానికి మళ్ళీ జపాన్ ఏలుబడికే వెళ్ళాలి.

తమ ఓడలమీద దాడులు జరుగుతుంటే లోపలినుంచి ఎవరో కబురు పంపుతున్నారని జపాన్ వాళ్ళు నిశ్చయించుకున్నారు. ఎవరినీ నమ్మలేదు, చాడీలు చెప్పినవాళ్ళని తప్ప. చిత్రహింసలో ఒకరు రెండు పేర్లు చెబితే ఆ ఇద్దరూ నాలుగు పేర్లు చెప్పారు. నొప్పి ఆగాలంటే పేరు కావాలి, అది ఎవరిదైనా ఒకటే. ఈ కేసులు ఎంత గట్టిగా అల్లుకున్నాయో చూస్తే నవలాకారుడికి కన్ను కుడుతుంది. ప్రతి వాంగ్మూలమూ ఇంకో వాంగ్మూలాన్ని బలపరుస్తుంది, ఒక్కటీ నిజం కాదు. 1944 జనవరి 30న హంఫ్రీగంజ్ దగ్గర 44 మందిని కాల్చి గోతిలో పూడ్చేశారు. వాళ్ళలో ఎక్కువమంది స్వాతంత్ర్య సంఘం వాళ్ళే.

అసలు గూఢచారులు లేకపోలేదు. యుద్ధానికి ముందు ఇక్కడ పోలీసు అధికారిగా పనిచేసిన మేజర్ డెనిస్ మెకార్తీ కొద్దిమంది మనుషులతో 1943 జనవరిలో ఓ-24 అనే డచ్ జలాంతర్గామిలో వచ్చి దక్షిణ అండమాన్ పడమటి తీరాన దిగాడు. ఈ ఫెరార్‌గంజ్ తహసీలుకి పడమటి హద్దు ఆ తీరమే. అడవుల్లో కొన్ని వారాలు తిరిగి, కావలసినవి తెలుసుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయారు. వాళ్ళు దొరకలేదు. దొరికినవాళ్ళు వేరు. అందరినీ అనుమానించేవాడు కూడా ఎవరినో ఒకర్ని గుడ్డిగా నమ్ముతూనే ఉంటాడు. ఆ నమ్మిన మనిషి చాడీకోరు అయితే కథ ఇలా ముగుస్తుంది.

మరి ఎవరిని అనుమానించాలి? పాత్రల్ని వదిలేసి ముందు కథ చెబుతున్న మనిషిని చూడమంటాను. అగాథా క్రిస్టీ 1926లో ద మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్ అనే నవలలో కథ చెబుతున్న డాక్టరునే హంతకుడిగా తేల్చింది. ముగింపు బయటపెట్టానని కోపగించుకునేవాళ్ళకి ఒక్క మాట: వందేళ్ళు గడువిచ్చాం. ఆ పుస్తకం రెండోసారి చదివితే డాక్టరు చెప్పినదాంట్లో అబద్ధం దాదాపు కనబడదు. చెప్పకుండా దాటేసిన కొన్ని నిమిషాలే కనబడతాయి.

అండమాన్‌లో ఆ డాక్టరుకి జోడీ దూధ్‌నాథ్ తివారీ. 14వ దేశీయ పదాతిదళంలో సిపాయి, 1857 తిరుగుబాటులో శిక్షపడి 276వ నంబరు ఖైదీగా ఇక్కడికొచ్చాడు. 1858 ఏప్రిల్‌లో పెద్ద గుంపుతో కలిసి రాస్ దీవినుంచి పారిపోయాడు. అడవిలో అండమానీయుల బాణాలకి తోటివాళ్ళు చచ్చారు, ఇతను గాయాలతో మిగిలాడు. వాళ్ళే గాయాలు మాన్పి తమలో కలుపుకున్నారు, లీపా అనే అమ్మాయితో పెళ్ళి చేశారు. ఏడాది గడిచింది. 1859 మే 17న వలసమీద పెద్ద దాడికి వాళ్ళు సిద్ధమవుతుంటే తివారీ ముందుగా పరుగెత్తుకొచ్చి బ్రిటిష్ వాళ్ళకి చెప్పేశాడు. బాణాలకి ఎదురుగా తుపాకులు సిద్ధంగా నిలబడ్డాయి. దీన్నే అబర్డీన్ యుద్ధం అంటారు. తివారీకి క్షమాభిక్ష దక్కింది.

ఈ కథ మనకెలా తెలుసు? తిరిగొచ్చాక తివారీ చెబితే అధికారులు రాసుకున్నారు. అడవిలో ఆ ఏడాదికి ఇంకో సాక్ష్యం దాదాపు లేదు. బ్రిటిష్ కాగితాల్లో అతను సమయానికి మేలుచేసినవాడు. ఇప్పుడు ఇక్కడివాళ్ళు చెప్పుకునేటప్పుడు ద్రోహి. లీపా ఏమనుకుందో ఎవరూ అడగలేదు.

ఇలాంటి కథకుణ్ణి పరీక్షించాలంటే, ఈ మాట చెప్పడంవల్ల అతనికి ఏం ఒరిగిందో చూడాలి. అతను పారిపోయిన రోజుల్లోనే, పట్టుబడిన ఎనభైమందికి పైగా ఖైదీల్ని సూపరింటెండెంట్ వాకర్ ఉరితీయించాడు. ఉత్త చేతులతో తిరిగొస్తే తివారీకి ఉరితాడే. ఏదో ఒక కానుక తేవాలి, దాడి కబురు కన్నా విలువైన కానుక అతని దగ్గర లేదు. అంతటితో అతను చెప్పింది అబద్ధమైపోదు, దాడి నిజంగానే జరిగింది. అయితే అండమానీయుల కోపాన్ని అతను ఉట్టి క్రూరత్వంగా చెబితే, రాసుకునే అధికారికి అది నచ్చుతుంది. తమ అడవిని రోజూ నరికేస్తున్నవాళ్ళమీదికి వాళ్ళు వచ్చారన్నది ఇద్దరికీ అక్కర్లేని వివరం. అలా వదిలేసిన వివరం దగ్గరే ఆగి వెతకాలి.

ఇదే కథని తిరగేసి రాసినట్టుంటుంది కానన్ డాయిల్ 1890లో అచ్చువేసిన ద సైన్ ఆఫ్ ఫోర్. అందులో జోనాథన్ స్మాల్ అనే ఖైదీ ఉండేది హోప్‌టౌన్‌లోనే, మేయో పడిపోయిన చోటే. ఆ నవలలో నమ్మినవాణ్ణి మోసం చెయ్యనివాళ్ళు అరుదు. ఆశ్రయం కోరిన వ్యాపారిని కాపలావాళ్ళు చంపుతారు. మేజర్ షోల్టో అటు ఖైదీల్నీ ఇటు స్నేహితుడు మోర్‌స్టన్‌నీ దగా చేసి నిధి ఎత్తుకుపోతాడు. మిగిలింది టోంగా. జబ్బుపడ్డ ఆ అండమానీయుడికి ఖైదీ స్మాల్ సేవచేసి బతికిస్తాడు. అతను స్మాల్‌ని వదలక లండన్ దాకా వెళ్ళి, థేమ్స్ నదిలో తుపాకి దెబ్బకి చస్తాడు. పుస్తకం మొత్తంలో కడదాకా నమ్మకంగా ఉన్నవాడికి చెప్పుకోవడానికి మాటలే ఇవ్వలేదు. అందరూ అతని గురించి చెబుతారు, స్మాల్ చెబుతాడు, వాట్సన్ చెబుతాడు.

హోమ్స్ కూడా చెబుతాడు, అదీ అప్పుడే వెలువడిన గెజిటీరు తెరిచి చదివి. ఈ దీవులవాళ్ళు నరమాంసం తింటారని అందులో ఉంది. అప్పటికే, 1880లలో, ఇక్కడి అధికారి ఇ.హెచ్. మాన్ ఏళ్ళతరబడి వీళ్ళ మధ్య తిరిగి అది నిజం కాదని రాసి అచ్చువేయించాడు. వాళ్ళ ఆయుధం విల్లు. నవలలో టోంగా చేతికిచ్చింది విషపు ముల్లు ఊదే గొట్టం. బూటుకంటిన మట్టిని చూసి మనిషి ఎక్కడెక్కడ తిరిగాడో చెప్పే షెర్లాక్ హోమ్స్, ఎవరి మాటనీ ఊరికే నమ్మని షెర్లాక్ హోమ్స్, ఆ గెజిటీరుని మాత్రం ఒక్క ప్రశ్న వెయ్యకుండా నమ్మేశాడు.