గళ్లలో ఇమడని గమకం

మన పాటకు మనమే బాణీ కట్టుకోవాలంటే ఇంట్లో వీణో హార్మోనియమో ఉండాలనుకునే రోజులు పోయాయి. ఇంటర్నెట్ ఉంటే చాలు. గూగుల్ వారి క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్‌లో 2018లో చేరిన సాంగ్ మేకర్ ఉందే, అది పేరూ అడగదు, పైసా అడగదు. తెర నిండా గళ్లు. అడ్డంగా కాలం, నిలువుగా స్వరం. గడి మీద నొక్కితే రంగు నిండుతుంది, స్వరం పలుకుతుంది. మా కొండాపూర్ అపార్టుమెంట్లో పిల్లలు దీంతో ఆడుకుంటుంటే చూసి, చిన్నప్పుడు నాలుగు కీర్తనలు నేర్చి పెళ్లితో ఆపేసిన తల్లులు కూడా "ఏదీ, నన్నూ చూడనీ" అంటూ కూర్చుంటున్నారు.

కూర్చున్నాక మొదలవుతుంది చిక్కు. అందులో ఉన్న స్వరక్రమాలు మూడే. మేజర్ అంటే మన శంకరాభరణం స్వరాలు. పెంటాటోనిక్ అంటే సరిగపద, మోహన అన్నమాట. మరి మనం పాఠం మొదలుపెట్టే మాయామాళవగౌళ ఏదీ? లేదు. దానికి మూడోదైన క్రొమాటిక్ ఎంచుకోవాలి. అప్పుడు స్థాయికి పన్నెండు వరుసలొస్తాయి. కింది నుంచి లెక్కపెట్టి 1, 2, 5, 6, 8, 9, 12 వరుసలు మాత్రమే వాడండి, మిగతావాటి జోలికి పోకండి. సరళీ వరుసలు చక్కగా పలుకుతాయి. ఆడవాళ్ల గొంతుకు తగినట్టు అయిదు శ్రుతి కావాలంటే మొదలు స్వరాన్ని 'జి'కి మార్చుకుంటే సరి.

తాళం దగ్గర ఇంకో తమాషా. ఒక బార్‌లో రెండు నుంచి ఏడు దెబ్బల దాకానే ఒప్పుకుంటుంది. మిశ్రచాపుకి ఏడు సరిపోయాయి, ఆదితాళానికి ఎనిమిది కావాలాయె! నాలుగేసి దెబ్బల బార్లు రెండు కలిపితే ఒక ఆవర్తనం. కింద డోలు కోసం రెండు వరుసలున్నాయి కదా, 1, 5, 7 దెబ్బల దగ్గర అక్కడ నొక్కిపెడితే చేత్తో తాళం వేసినట్టే ఉంటుంది. మొత్తం పాటకు పదహారు బార్లే హద్దు, అంటే ఎనిమిది ఆవర్తనాలు. పల్లవి ఒకటిగా, చరణం ఒకటిగా విడివిడిగా దాచుకోవాల్సిందే.

ఇవన్నీ చిన్నచిన్న ఇబ్బందులు. వంటింట్లో పెద్ద గరిటె లేకపోతే చిన్నదాంతో సర్దుకోమూ? అసలు ఇబ్బంది గమకంతో వస్తుంది.

మా పక్క ఫ్లాటులో ఉండేవారిలో కోడలికి మాదాపూర్‌లో ఉద్యోగం, అత్తగారిది అమలాపురం వైపు పల్లె. ఆవిడకు వాళ్ల అమ్మమ్మ నుంచి వచ్చిన లాలిపాట ఒకటి ఉంది. ఆ ఇంట్లో అది తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు. ఆ బాణీ పోకూడదని కోడలు రెండు ఆదివారాలు కూర్చుని గళ్లలోకి ఎక్కించింది. స్వరం ఒక్కటీ తప్పు పోలేదు. పెద్దావిడ విని, "ఇది నేను పాడిన పాటేనా అమ్మాయ్? గోడగడియారం గంటలు కొట్టినట్టుంది" అన్నారు.

ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? గడిని సాగదీయడం కుదరదు, పక్క గడి నింపితే అదే స్వరం మళ్లీ పలుకుతుంది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం, ఊగడం అసలే లేదు. మైకులో పాడితే గళ్లు తనే నింపుతుంది గానీ, మన జారుడునంతా దగ్గరి గడికి సర్దేస్తుంది. దెబ్బను నాలుగు ముక్కలు చేసి గ, మ, గ, మ అని గబగబా నింపి చూశాం. వణికింది గానీ ఊగలేదు. తోడిలో గాంధారం కదలకుండా నిలబడితే అది తోడి అవుతుందా మరి!

ఈ గొడవ కంప్యూటరుతో వచ్చింది కాదు సుమండీ. మెట్ల మధ్య జారలేదనే కదా ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది! 1971 దాకా అది గాలిలో వినిపించలేదు. అంతకు ముందే, కాగితం మీద గమకం ఎలా పెట్టాలన్న ప్రశ్న సుబ్బరామ దీక్షితులుగారికి ఎదురైంది. 1904లో ఎట్టయపురంలో అచ్చయిన ఆయన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' తెలుగు లిపిలోనే ఉంది. సరిగమలు ఒక్కటే రాస్తే చాలదని ఆయన గమకానికో గుర్తు ఏర్పరచి, స్వరాలతో పాటు అచ్చు వేయించారు. ఇక మన పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ సంగతి తెలిసిందే. పరాయి వాద్యమైన మాండొలిన్‌ని ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌గా మలుచుకుని కర్ణాటక సంగీతం పలికించారు. కాగితానికైతే గుర్తులు చేర్చవచ్చు, వాద్యానికైతే తీగలు మార్చవచ్చు. గూగుల్ వారి గళ్లు మన చేతిలో లేవే!

అందుకని మా పక్కింటివాళ్లు ఒక దారి పట్టారు. లాలి బాణీని గళ్లలోంచి తీసేసి, శ్రుతికి సా పా, తాళానికి దెబ్బలు మాత్రం ఉంచారు. దాన్ని వేవ్ ఫైలుగా దించుకున్నారు. అది ఒక ఫోనులోంచి ఇయర్‌ఫోన్‌లో వింటూ పెద్దావిడ పాడారు, ఎదురుగా రెండో ఫోను రికార్డు చేసింది. శ్రుతి ఒక్కచోట కూడా జారలేదు. చివర్లో వాషింగ్ మెషీన్ ఆగిన బీప్ పడిందట, మళ్లీ పాడించలేదు. పూర్తి స్వరాలున్న మొదటి గళ్ల బొమ్మను కూడా పారేయలేదు. మనవరాలు దాంట్లో వేగం తగ్గించుకుని వరుస చూసి నేర్చుకుంటోంది, ఊపు మాత్రం నాయనమ్మ గొంతులోంచి.

మీరూ ప్రయత్నిస్తే ఒక్క జాగ్రత్త. సేవ్ నొక్కగానే ఒక లింకు వస్తుంది. దాన్ని వాట్సాప్‌లో మీకు మీరే పంపుకుని, డైరీలోనూ రాసి పెట్టుకోండి. లాగిన్ అంటూ లేదు కనుక లింకు పోతే పాట కోసం ఎవరినీ అడగలేం.