ప్రహరీలోపలి నగరము

బెంగళూరు మధ్యతరగతి గృహస్థులు గేటెడ్ కమ్యూనిటీలకు తరలిపోవుటకు ఆడంబరమే కారణమని నిందించువారు గలరు, నేనట్లు తలపను. 1898లో ప్లేగు వ్యాధి పాతపేటలను పీడించినప్పుడు మైసూరు ప్రభుత్వమే పూనుకొని, వెడల్పైన వీధులతో మల్లేశ్వరమును, బసవనగుడిని నెలకొల్పినది. నూరేండ్ల పిమ్మట సాఫ్ట్‌వేరు పరిశ్రమ వైట్‌ఫీల్డు, మారతహళ్లి, సర్జాపుర దిక్కులకు వ్యాపించి, మన తెలుగు జిల్లాల యువజనులను సైతము వేలకొలది రప్పించినప్పుడు అట్టి పూనిక కానరాలేదు. 2007లో 110 గ్రామములు మహానగరమున కలిసినవి. వానికి కావేరి జలమందించు అయిదవ దశ పథకము ప్రారంభమైనది 2024 అక్టోబరులో! ఈ నడుమ బోరుబావి, ట్యాంకరు, జనరేటరు, మురుగునీటి శుద్ధియంత్రము, కావలివాడు, ఇన్నింటిని బిల్డరు ఒక ప్రహరీలోపల అమర్చి అమ్మజూపగా, ఇరువదేండ్ల ఇ.ఎమ్.ఐ.కి తలయొగ్గి కొనక ఉద్యోగి యేమి చేయగలడు?

అయినను ఉదయము ఏడు గంటలవేళ ఆ గేటువద్ద నిలిచి చూడవలెను. వంటమనిషి, పనిమనిషి, డ్రైవరు గుర్తింపుకార్డు చూపి, కావలివాని ఫోనులో తమ రాక నమోదైన పిమ్మటనే లోన అడుగిడుదురు. పలుచోట్ల వారెక్కు లిఫ్టు సైతము వేరు. ఇంటి బిడ్డను ఎత్తి పెంచుచున్న చేతులకు ఆ యింటివారి లిఫ్టు కూడదనుట నాకు మిక్కిలి బాధ గొలుపు విషయము.

ఇక నీటి సంగతి. బెంగళూరు చెరువులు గొలుసుకట్టు చెరువులు. ఒకటి నిండి అలుగు పారిన, ఆ నీరు రాజకాలువల వెంట దిగువ చెరువునకు, బెళ్లందూరునుండి వర్తూరునకు, చేరవలెను. ఆ కాలువలు కొన్నిచోట్ల పూడి, కొన్నిచోట్ల ఇరుకై, కొన్నిచోట్ల కట్టడముల క్రిందబడి పోగా, 2022 సెప్టెంబరు వానలకు యమలూరులోని ఎప్సిలాన్ విల్లాలును, సర్జాపుర రోడ్డులోని రెయిన్‌బో డ్రైవ్ ఇండ్లును జలమయములై, సంపన్న కుటుంబములు ట్రాక్టర్లమీదను పడవలమీదను బయటపడినవి. ఎంతటి ప్రహరీయైనను ఆనాడు అక్కరకు రాలేదు.

కావున ఇల్లు కొనబోవు పాఠకులు క్లబ్‌హౌసునకు ముందు ఆ సర్వే నంబరుగల గ్రామపటమును చూచి, కాలువ యెటు పారెడిదో తెలిసికొందురు గాక. కొన్నవారికి మరియొక విన్నపము: మీ నివాసుల సంఘమునకు క్రమముగా ఎన్నికలు జరుపుకొనుచున్నారు, నగరపాలక మండలికో, 2020 సెప్టెంబరులో గడువు తీరిన పిమ్మట ఏండ్ల తరబడి ఎన్నికలే లేకపోయినవి. మెయింటెనెన్స్ లెక్కలను నిలదీసి అడుగునంత పట్టుదలతో ఆ ఎన్నికలను గూర్చియు అడుగుడు.