దాత తప్పుకున్న తరువాత

మొన్న దసరాకు మా మేనల్లుడు బరంపురం వచ్చాడు. కోయంబత్తూరులో ఒక ధర్మాసుపత్రిలో కంప్యూటర్లు చూస్తుంటాడు. భోజనాలయ్యాక, "మావయ్యా, మన సంఘం లైబ్రరీ గుర్తుందా? మా ఆసుపత్రి కంప్యూటర్ల పని ఇప్పుడు అలాగే ఉంది" అన్నాడు.

గుర్తు లేకేం? ఇరవై ఏళ్ళపాటు ఆ గది అద్దె, తలుపు తీసే కుర్రవాడి జీతం ఒక్క బట్టల వర్తకుడే భరించాడు. ఆయన కొడుకుల దగ్గరకు విశాఖపట్నం వెళ్ళిపోయాక పుస్తకాలు మనవే, బీరువాలు మనవే. సాయంత్రం అయిదింటికి తాళం తీసేవాడే లేకపోయాడు. ఏడాదికల్లా మూతపడింది.

వాడి బాధ ఓవిర్ట్ అనే సాఫ్ట్‌వేర్ గురించి. నేను కామర్స్ చదివినవాణ్ణి, నాకు అర్థమైన భాషలోనే చెబుతాను. ఒకప్పుడు ఆసుపత్రిలో బిల్లులకొక కంప్యూటరు, లేబొరేటరీ రిపోర్టులకొకటి, మందుల లెక్కకొకటి ఉండేవి. రోజులో ఎక్కువ సేపు అన్నీ ఖాళీగానే ఉండేవి. వర్చువలైజేషన్ వచ్చాక ఒక పెద్ద యంత్రంలోనే అనేక యంత్రాలున్నట్టు ఏర్పాటు చేస్తున్నారు. మా బ్యాంకు స్ట్రాంగ్‌రూమ్‌లో లాకర్లలాగ అన్నమాట. గది ఒకటే, ఎవరి లాకరు వారిది. పక్కవాడి దానిలో ఏముందో తెలియదు. అయితే ఏ లాకరు ఎక్కడుందో రిజిస్టరు రాసేవాడు ఒకడు కావాలి. ఒక గది మరమ్మతుకు వస్తే లాకర్లను మూయకుండానే పక్క గదికి మార్చగలవాడు కావాలి. ఆ పని చేసేది ఓవిర్ట్.

దీని అడుగున ఉన్న పునాది పేరు కె.వి.ఎమ్. ఇజ్రాయెల్‌కు చెందిన కుమ్రానెట్ అనే చిన్న కంపెనీ 2006లో దానిని బయటపెట్టింది. 2007లో అది లైనక్స్‌లో భాగమైంది. 2008లో అమెరికా కంపెనీ రెడ్ హ్యాట్ 10 కోట్ల 70 లక్షల డాలర్లిచ్చి కుమ్రానెట్‌ను కొనుక్కుంది. రిజిస్టరు రాసే సాఫ్ట్‌వేర్ మొదట్లో మైక్రోసాఫ్ట్ విండోస్ మీదే నడిచేది. దానిని జావాలో తిరగరాసి, 2011లో ఓవిర్ట్ పేరుతో అందరికీ ఉచితంగా తెరిచారు. అదే సరుకును మద్దతుతో కలిపి రెడ్ హ్యాట్ డబ్బుకు అమ్మేది.

ఆరంభంలో సిస్కో, ఐ.బి.ఎమ్., ఇంటెల్, నెట్‌యాప్ వంటి పేర్లు ఓవిర్ట్ పాలకమండలిలో కనిపించాయి. పేర్లు ఎన్ని ఉన్నా రోజువారీ పనిలో అధికభాగం చేసినవారు రెడ్ హ్యాట్ జీతగాళ్ళే. మా వృత్తిలో దీనిని వెంటనే పసిగడతాం. ఒకే కొనుగోలుదారుణ్ణి నమ్ముకున్న కార్ఖానాకు అప్పివ్వాలంటే మా చెయ్యి వెనకాడుతుంది.

తరువాత రెడ్ హ్యాట్ దృష్టి ఓపెన్‌షిఫ్ట్ వైపు మళ్ళింది. 2020లో వచ్చిన 4.4 వెర్షనే తమ పాత సరుకులో చివరిదని ప్రకటించి, 2024 ఆగస్టుతో మామూలు మద్దతు ముగించింది. 2019లో ఐ.బి.ఎమ్. ఆ కంపెనీని కొన్నందువల్లే ఇలా అయిందని కొందరంటారు. నాకలా తోచదు. ఒకే పనికి రెండు దుకాణాలు ఏ వర్తకుడు నడుపుతాడు?

"ప్రోగ్రామ్ అందరిదీ కదరా, ఎవరు లాక్కుంటారు?" అన్నాను. వాడు నవ్వాడు. "లాక్కోవడం కాదు మావయ్యా, కింద నేల కదులుతోంది" అన్నాడు. యంత్రం తెరను దూరం నుంచి చూపే స్పైస్ అనే సాధనాన్ని 2022లో వచ్చిన రెడ్ హ్యాట్ లైనక్స్ 9 నుంచి తీసేశారు. దాని మీద నమ్మకం పెట్టుకున్నవారు వేరే దారి చూసుకోవలసి వచ్చింది. ఓవిర్ట్ కూర్చున్న సెంటాస్ స్ట్రీమ్ 8 ఆయుష్షు 2024 మే నెలతో తీరింది. ఇలా కింద మారిన ప్రతిసారీ పైన ఎవరో కూర్చుని సరిచేయాలి, పరీక్షించాలి, కొత్త విడుదల కట్టాలి. దాత పోయినప్పుడు పోయేది ఈ చాకిరీ. 2022 ఏప్రిల్‌లో 4.5 వచ్చాక వెలువడినవన్నీ చిన్న విడుదలలే.

విచిత్రమేమిటంటే, 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ వి.ఎమ్.వేర్‌ను కొని, మరుసటి నెలలోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసింది. లోకమంతా ప్రత్యామ్నాయం కోసం వెతుకుతున్న వేళకే ఓవిర్ట్‌కు పోషకుడు లేకుండాపోయాడు.

ఇటువంటి స్థితిలోంచి నిలదొక్కుకున్నవారూ ఉన్నారు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పుట్టిన జెన్‌ను పెంచిన కంపెనీని 2007లో సిట్రిక్స్ కొంది. 2013లో జెన్ బాధ్యత లైనక్స్ ఫౌండేషన్‌కు చేరింది. 2017 చివర సిట్రిక్స్ తన ఉచిత జెన్‌సర్వర్‌లో సౌకర్యాలు కత్తిరించినప్పుడు, ఫ్రాన్సులో గ్రెనోబుల్‌కు చెందిన వేట్స్ అనే చిన్న కంపెనీ జనం దగ్గర చందాలు పోగుచేసి 2018లో ఎక్స్‌సీపీ-ఎన్‌జీ మొదలుపెట్టింది. చందాలతో మొదలుపెట్టింది గాని, చందాల మీద బ్రతకలేదు. సాఫ్ట్‌వేర్ ఉచితం, మద్దతు కావాలన్నవారు ఏటా రుసుము కట్టాలి. బ్యాంకువాడిగా నాకు నచ్చిన పద్ధతి ఇదే. ఓవిర్ట్ ఆధారంగా ఒరాకిల్ తన సరుకును అమ్ముతోంది, అది కొంత ఊరట. కానీ మళ్ళీ ఒక్క పెద్దమనిషినే నమ్ముకుంటే పాత జబ్బే.

"మరి మీ ఆసుపత్రి ఇన్నేళ్ళలో దీనికి ఎంతిచ్చింది?" అని అడిగాను.

వాడు కాసేపు మాట్లాడలేదు. "ఒక్క పైసా ఇవ్వలేదు. తప్పు కనిపిస్తే తెలియజేసింది కూడా లేదు" అన్నాడు.

ఆ రాత్రి ఇద్దరం కాగితం, కలం పట్టుకుని కూర్చున్నాం. వేరే సాఫ్ట్‌వేర్‌కు మారితే ఖర్చు ఒక వైపు. ఉన్నచోటే ఉంటే, ఒక పాత సర్వరును పరీక్షలకు కేటాయించి, వారానికి ఒక పూట వాడి సమయం కొత్త విడుదలలను పరీక్షించి తప్పులు తెలియజేయడానికి ఇవ్వడం రెండో వైపు. ఏ దారి పట్టినా ముందు రోగుల రికార్డుల నకళ్ళు విడిగా భద్రపరచమన్నాను. ఊరికే వచ్చినదానికి జీతం ఎందుకని ట్రస్టు కోశాధికారి తప్పక అడుగుతారట. నేనూ ఒక కోశాధికారినే. నేనైనా ఆ మాటే అడిగేవాణ్ణి.

లెక్క జనవరి సమావేశానికి వెళుతుంది. లైబ్రరీ పుస్తకాలు మా మేడ మీద గదిలో ఉన్నాయి. వెళ్ళేరోజు వాడు పైకెక్కి దుమ్ము దులిపి రెండు పట్టుకుపోయాడు. తిరిగి ఇచ్చే తేదీ ఒక చీటీ మీద రాసి గోడకు అంటించాడు.